ప్రార్థన చేసినవాళ్లు ఇంకా ఏం చేశారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్నటి ఆదివారం మీ పత్రికలో ప్రార్థన మహిమ గురించి ఒక పేజీ నిండా వ్యాసం వచ్చింది. కష్టాల్లో చిక్కుకున్నవాళ్లు దేవుణ్ని నమ్ముకుని ఎలా గట్టెక్కారో చెప్పే ఉదంతాలు అందులో ఉన్నాయి. రాసినవారి మీద నాకేం కోపం లేదు. నేనూ దేవుణ్ని నమ్మేదాన్నే. కానీ ఆ పేజీని ఒక అబ్బాయి జాగ్రత్తగా కత్తిరించి మా డయాలసిస్ యూనిట్‌కి తెచ్చాడు. మెషీన్ మీద ఉన్న వాళ్ల నాన్న చేతిలో పెట్టి, "చూశావా నాన్నా, వీళ్లందరికీ నయమైంది. నువ్వే మనసు పెట్టి ప్రార్థన చెయ్యట్లేదు" అన్నాడు. ప్రేమకొద్దీ అన్నమాటే. ఆ పెద్దాయన మాత్రం ఒక్క ముక్క మాట్లాడలేదు. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. అటు తిరగడమంటే తల ఒక్కటే తిప్పడం, ఎందుకంటే సూదులున్న చెయ్యి కదలకూడదు.

ఆ వ్యాసం పక్కన ఇంకో రెండు మాటలు ఉండాల్సిందని అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటాయి. కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లు మామూలుగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటల చొప్పున మా దగ్గర గడుపుతారు. చేతిలో రెండు లావాటి సూదులు. ఒకదాంట్లోంచి రక్తం బయటికి వస్తుంది, రెండోదాంట్లోంచి శుభ్రమై లోపలికి వెళ్తుంది. ఇది ఒక నెలతోనో ఆరు నెలలతోనో అయిపోయే వైద్యం కాదు. కిడ్నీ మార్పిడి జరిగితే సరే, లేకపోతే బతికున్నంతకాలం ఇదే. కాబట్టి ప్రార్థన గురించి, పట్టుదల గురించి పుస్తకాల్లో చదివినదాని కంటే కళ్లారా చూసిందే నాకు ఎక్కువ.

ముందు మీ వ్యాసంలోని చిలీ గని కార్మికుల సంగతి. 2010 ఆగస్టు 5న కొపియాపో దగ్గరి శాన్ హోసే గని కూలి 33 మంది దాదాపు 700 మీటర్ల లోతున ఇరుక్కుపోయారు. వాళ్లలో హోసే ఎన్రికెస్ అనే ఆయన రోజూ అందర్నీ పోగేసి ప్రార్థన చేయించాడు. 69 రోజుల తర్వాత, అక్టోబరు 13న అందరూ ప్రాణాలతో పైకి వచ్చారు. మీ వ్యాసంలో ఇంతవరకే ఉంది. ఇదంతా నిజమే.

వదిలేసింది ఏమిటంటే, పై ప్రపంచానికి వాళ్లు బతికున్నట్టే తెలియని మొదటి పదిహేడు రోజులు. లోపల ఆశ్రయంలో ఉన్న తిండి రెండు మూడు రోజులకు సరిపడేది. దాన్ని వాళ్లు ఎలా సాగదీశారో తెలుసా? మనిషికి రెండు చెంచాల ట్యూనా, కాసిని పాలు, ఒక బిస్కెట్ ముక్క, అదీ నలభై ఎనిమిది గంటలకోసారి. ఆకలితో ఉన్న ముప్ఫై ముగ్గురు మగవాళ్లు పెట్టె పక్కనే పడుకుని దాని జోలికి పోకుండా ఉండటం మాటలు కాదు. షిఫ్ట్ ఫోర్‌మన్ లూయిస్ ఉర్సువా పనులు పంచాడు, లోపలి సొరంగాల మ్యాపు గీశాడు, చివరికి అందరూ వెళ్లాక ఆఖరున పైకి వచ్చాడు. పైన డ్రిల్లింగ్ చేసేవాళ్ల చేతిలో సరైన మ్యాపులు లేవు. ఒక బోరు గురి తప్పితే ఇంకోటి, అదీ తప్పితే మరోటి. ఆగస్టు 22న ఒక డ్రిల్ బిట్ వాళ్లున్న చోట పైకప్పు చీల్చుకుని దిగింది. దానికి చీటీ కట్టి పంపితే గానీ, ముప్ఫై ముగ్గురమూ క్షేమంగా ఉన్నామన్న కబురు బయటికి రాలేదు. బయట ఎడారిలో గుడారాలు వేసుకుని కూర్చున్న కుటుంబాలు కూడా ప్రార్థించాయి. ప్రార్థించి ఊరుకోలేదు, డ్రిల్లింగ్ ఆపడానికి వీల్లేదని అక్కడే బైఠాయించాయి.

ప్రార్థన లేకపోయినా వాళ్లు బతికేవాళ్లని నేను అనడం లేదు. నాకు తోచింది ఇంకోటి. ఆ పెట్టెలోని తిండి జోలికి ఎవరూ పోకుండా ఆపింది ఆ ప్రార్థనేనేమో. రోజూ ఒకచోట కూర్చుని కళ్లు మూసుకుని ఒకే మాట అనుకున్నవాళ్లు, కళ్లు తెరిచాక పక్కవాడి వాటా కాజేయడం కష్టం.

మన గజేంద్రుడి కథలోనూ మనకు గుర్తుండేది ఆఖరి మొర ఒక్కటే. విష్ణువు ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చిన ముచ్చట చిన్నప్పుడు అందరం విన్నాం. అంతకుముందు ఆ ఏనుగు మొసలితో వెయ్యేళ్లు పెనుగులాడిందన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేస్తాం. నాకు ఆ వెయ్యేళ్ల మీదే ధ్యాస. మా యూనిట్‌లో ఉన్నవాళ్లందరూ ఆ వెయ్యేళ్లలోనే ఉన్నారు మరి.

ఇక మా దగ్గరి సంగతి. డయాలసిస్ అంటే సూదుల బాధ అనుకుంటారు బయటివాళ్లు. పేషెంట్లని అడగండి, అసలు బాధ దాహం అంటారు. మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లు రోజు మొత్తానికి లీటరు లోపే నీళ్లు తాగాలి. మాత్రలు మింగే నీళ్లూ అందులోనే లెక్క. ఎక్కువ తాగితే ఆ నీరు ఎటూ పోదు, ఒంట్లోనే ఉండిపోయి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. వచ్చీ రాగానే బరువు చూస్తాం. డ్రై వెయిట్ కంటే, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు కంటే, ఎంత పెరిగితే అంత నీరు తీయాలన్నమాట. ఆ త్రాసు ఎక్కేటప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించే టెన్షన్ పరీక్ష ఫలితాల రోజు పిల్లల మొహాల్లో కూడా నేను చూడలేదు.

మా దగ్గరికి వచ్చే ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నారు. మాటకారి. ఒకరోజు బరువు చూసుకుని, అనుకున్నదానికంటే తక్కువే ఉందని సంబరపడుతూ నాతో అన్నారు: "అమ్మా, ఈ జబ్బు వచ్చిన కొత్తలో నా కిడ్నీలు నాకు తిరిగి ఇచ్చెయ్యమని దేవుణ్ని అడిగేవాణ్ని. ఆయన వినలేదు. తర్వాత్తర్వాత కోరిక తగ్గించుకున్నాను. ఇప్పుడు పొద్దున్న లేవగానే, సాయంత్రం దాకా నా చెయ్యి గ్లాసు మీదికి పోకుండా చూడు స్వామీ అని అడుగుతున్నాను. ఇది మాత్రం చాలాసార్లు తీరుస్తున్నాడు."

నేను నవ్వాను కానీ, ఆ మాట చాలారోజులు నాతోనే ఉంది. ఇన్నేళ్లలో నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ప్రార్థన అలాగే చిన్నదవుతూ వచ్చింది. చిన్నదవడమంటే నమ్మకం సన్నగిల్లడం అనుకునేరు. తిరగబడిన జీవితాన్ని మళ్లీ నిలబెట్టమని అడిగేవాళ్లు, ఈ ఒక్క పూట నన్ను నిలబెట్టమని అడగడం మొదలుపెడతారు. కోరిక ఆ సైజుకి వచ్చాక అందులో మనిషి చెయ్యగలిగిన పని కూడా కనిపిస్తుంది. నోట్లో చిన్న ఐసు ముక్క పెట్టుకోవడం, గ్లాసు మార్చి చిన్నది కొనుక్కోవడం, పొద్దున్నే సీసాలో కొలిచి పోసుకుని ఆ రోజుకి అదే అనుకోవడం. మాస్టారు సీసా మీద పెన్నుతో గీతలు గీసుకున్నారు, గంటల లెక్కన. లెక్కల మాస్టారు కదా.

ఇంకొకావిడ ఉంది. ఈమె గురించి తప్పకుండా చెప్పాలి. ఫిస్టులా అంటే ఏమిటో పాఠకులకి కాస్త వివరిస్తాను. మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో ధమనిని సిరకి కలిపి చిన్న ఆపరేషన్ చేస్తారు. అప్పుడు ఆ సిర ఉబ్బి గట్టిపడి, మాటిమాటికీ సూదులు గుచ్చినా తట్టుకుంటుంది. ఈ పద్ధతి 1966లో వెలుగులోకి వచ్చింది, ఇప్పటికీ దీన్ని మించింది లేదు. దాని మీద వేళ్లు పెడితే లోపల సన్నగా గిర్రుమన్నట్టు ఒక అదురు తెలుస్తుంది. థ్రిల్ అంటాం మేము. ఆ అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టిందని అర్థం, వెంటనే పరుగెత్తాలి. అందుకే రోజూ తాకి చూసుకోమని చెబుతాం. చెబితే పదిమందిలో ఎంతమంది చూసుకుంటారో నాకు బాగా తెలుసు.

ఈవిడ మాత్రం ఒక్కరోజు కూడా మరవదు. ఎలా గుర్తుంటుందమ్మా అని అడిగాను. "దండం పెట్టుకుంటాను కదా సిస్టర్, కళ్లు తెరవగానే ఆ చేతులు విడదీసి ఈ చేతి మీద పెట్టుకుంటాను. రెండూ కలిపే అలవాటు చేసుకున్నా" అంది. ఒకసారి అలాగే తెల్లవారుజామున అదురు లేదని పట్టుకుంది. వెంటనే ఫోన్ చేసింది. ఆ రోజే చికిత్స జరిగింది, ఫిస్టులా దక్కింది. అదే ఇంకో రెండు రోజులు చూసుకోకపోయి ఉంటే దక్కేది కాదు. ఆవిడ దేవుడే కాపాడాడు అంటుంది. నేను కాదనను. ఆవిడ వేళ్లు అక్కడికి చేరింది దండం పెట్టుకున్నాకే కదా.

ఫిస్టులా ఎక్కువగా ఎడమ చేతికి పెడతాం. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి కుడిచెయ్యి ఖాళీగా ఉంటుందని. ఆ నాలుగు గంటలూ కుడిచేత్తో జపమాల తిప్పేవాళ్లు ఉన్నారు. బైబిల్‌ని గుండె మీద నిలబెట్టుకుని ఒంటిచేత్తో పేజీలు తిప్పే ఒకామె ఉంది. వేళకి నమాజు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. లేవలేనివాళ్లు సైగలతో చేసుకోవచ్చట, ఆయన తల కొద్దిగా వంచుతూ పడుకునే చేసుకుంటాడు. అప్పుడు ఆయన బీపీ చూడాల్సిన టైమ్ అయినా నేను ఒక నిమిషం ఆగుతాను. ఏ దేవుణ్నీ తలవని ఒకాయన కూడా ఉన్నాడు. పదకేళి పూరిస్తుంటాడు. గళ్లు నిండకపోతే అటూ ఇటూ ఉన్న భక్తుల్ని అడుగుతాడు. ఒక్క సెషన్ కూడా మానడు, నీళ్ల లెక్క తప్పడు. పట్టుదలకి భక్తి ఒక్కటే దారి అని నాతో ఎవరైనా అంటే ఆయన మంచం చూపిస్తాను.

సూది గుచ్చే వేళ గురించి ఒక మాట. భయపడి ఊపిరి గబగబా పీలుస్తుంటే నరాలు బిగుసుకుపోతాయి, ఇద్దరికీ కష్టం. "కంగారు పడకండి" అంటే ఎవరూ వినరు, ఇంకా కంగారు పడతారు. అందుకని నేను "మీరు రోజూ చదువుకునేది ఏదైనా ఉంటే నెమ్మదిగా చదువుకోండి" అంటాను. పని చేస్తుంది. ఎందుకు చేస్తుందో 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో కొంత దొరికింది. ఇటలీకి చెందిన లూచానో బెర్నార్డీ బృందం 23 మంది ఆరోగ్యవంతుల చేత లాటిన్‌లో జపమాల ప్రార్థన చేయించింది, ఒక యోగ మంత్రమూ జపింపజేసింది. రెండింట్లోనూ ఊపిరి నిమిషానికి ఆరుసార్లకి దగ్గరగా వచ్చి కుదురుకుంది, గుండె లయ, రక్తపోటు ఒకదానికొకటి పొందికగా నడిచాయి. మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి పన్నెండు నుంచి ఇరవైసార్లు ఊపిరి తీస్తారు. ఏ దేవుడికి మొక్కినా ఒకే లయ. నాకు ఇది చాలా నచ్చింది. సూది గుచ్చేముందు నేనూ ఒక ప్రార్థన చేసుకుంటాను లెండి. గ్లవ్స్ వేసుకున్న చేతులు జోడించలేను కాబట్టి మనసులోనే: ఒక్కసారికే పడాలి తల్లీ అని.

అబ్బాయి మాట దగ్గరికి వస్తాను. "నువ్వే మనసు పెట్టి చెయ్యట్లేదు." ఈ మాట మా యూనిట్‌లో నేను కొత్తగా వినడం కాదు. చుట్టాలు అంటారు, పక్కింటివాళ్లు అంటారు, ఒక్కోసారి మతపెద్దలూ అంటారు. ధైర్యం చెబుతున్నామనే అనుకుంటారు. మంచం మీద ఉన్న మనిషికి అది ఎలా వినిపిస్తుందో ఆలోచించరు. జబ్బు ఒకటి, ఆ జబ్బు తన భక్తి చాలకే తగ్గడం లేదన్న నింద ఇంకొకటి.

ఇది నా ఒక్కదాని బాధ అనుకోకండి. కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 55 ఏళ్లు దాటిన 596 మంది రోగుల్ని రెండేళ్లపాటు గమనించి 2001లో ఫలితాలు ప్రకటించారు. దేవుడు నన్ను వదిలేశాడా, నా మీద ఆయనకి ప్రేమ లేదా అని లోలోపల కుమిలిపోయినవాళ్లు ఆ రెండేళ్లలో చనిపోయే అవకాశం కొంత ఎక్కువగా కనబడింది. జబ్బు తీవ్రతని లెక్కలోకి తీసుకున్నాక కూడా. అదే పార్గమెంట్ అంతకుముందు ఇంకో మంచి విభజన చేశారు. కష్టం వచ్చినప్పుడు అంతా నేనే చూసుకుంటాననేవాళ్లు కొందరు, అంతా దేవుడి మీద వదిలేసేవాళ్లు కొందరు, దేవుడూ నేనూ కలిసి పనిచేస్తాం అనుకునేవాళ్లు కొందరు. మా యూనిట్‌లో నిలదొక్కుకున్న భక్తులందరూ ఈ మూడో రకమే. పేషెంట్ కార్డు ఒక జేబులో, దేవుడి పటం ఇంకో జేబులో.

ఎవరి కోసమో ఎవరో ప్రార్థిస్తే జబ్బు తగ్గుతుందా అన్నది కూడా పరీక్షించి చూశారు. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం వెలువరించిన అధ్యయనంలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది ఉన్నారు. ఆరు ఆస్పత్రులు, మూడు గుంపులు. మీ కోసం ప్రార్థించవచ్చు, ప్రార్థించకపోవచ్చు అని చెప్పిన రెండు గుంపుల్లో, నిజంగా ప్రార్థించినవాళ్లలో 52 శాతానికి, ప్రార్థించనివాళ్లలో 51 శాతానికి ఇబ్బందులు వచ్చాయి. తేడా లేదన్నమాట. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నాం అని ముందే చెప్పిన మూడో గుంపులో అది 59 శాతం. నా పరిస్థితి ప్రార్థనలు చేయించేదాకా వచ్చిందా అన్న టెన్షన్ కావచ్చునని పరిశోధకులే ఒక ఊహ చెప్పారు. ఇది చదివి దేవుడు లేడని తేల్చేవాళ్లతో నాకు పని లేదు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఒక జాబితా చూసి చేసే ప్రార్థన వేరు, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చేసేది వేరు. నేను తీసుకున్న పాఠం చిన్నది: రోగి దగ్గరికి వెళ్లి మీ కోసం ఎంతమందిమి ఎన్ని పూజలు చేస్తున్నామో లెక్క అప్పజెప్పకండి.

భక్తిని కొలిచే పని ఎంతదాకా పోయిందో చెప్పడానికి నా మెషీన్ కథ చెప్పాలి. దీన్ని పనికొచ్చేలా మొదట తయారుచేసింది విల్లెం కోల్ఫ్ అనే డచ్ డాక్టరు. 1938లో కిడ్నీలు పాడైన 22 ఏళ్ల కుర్రాడు కళ్లముందే పోతుంటే ఏమీ చెయ్యలేకపోయాడు. నాజీలు దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో, కాంపెన్ అనే చిన్న ఊరి ఆస్పత్రిలో, సాసేజ్ తొడుగులకి వాడే సెలోఫేన్ గొట్టాన్ని చెక్క డ్రమ్ము చుట్టూ చుట్టి యంత్రం కట్టాడు. 1943లో చికిత్స మొదలుపెట్టాడు. ఒక రోగి పోయాడు, ఇంకొకరు పోయారు, వరుసగా దాదాపు అందరూ పోయారు. నా చేతిలో ఇద్దరు ముగ్గురు పోతే నేను ఈ పని మానేసేదాన్నేమో. ఆయన మానలేదు. 1945లో పదిహేడో రోగి, 67 ఏళ్ల ఒక ముసలావిడ, కోమాలోంచి లేచి కళ్లు తెరిచింది. ఆవిడ నాజీలతో చేతులు కలిపిందని జైల్లో ఉన్న మనిషి. ఆవిడ బతకడం ఊళ్లో చాలామందికి ఇష్టం లేదు. కోల్ఫ్ మాత్రం ఈవిడకి బతికే అర్హత ఉందా అని చూడలేదు. ఆవిడ ఇంకో ఏడేళ్లు బతికింది. తెలివి వచ్చాక మొదట అన్నది మొగుడికి విడాకులిచ్చేస్తానని అట! డయాలసిస్ చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే.

అప్పట్లో ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాల్సి వచ్చేది. అందుకని కొద్దిసార్లు మించి చెయ్యడం కుదిరేది కాదు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ అనే డాక్టరు టెఫ్లాన్ గొట్టంతో షంట్ కనిపెట్టాడు, అంటే రక్తనాళాల్లో అమర్చి అలాగే ఉంచేసే గొట్టం, ప్రతిసారీ కోయక్కర్లేదు. దాంతో క్లైడ్ షీల్డ్స్ అనే మొదటి రోగి పదకొండేళ్లు బతికాడు. కానీ మెషీన్లు కొన్నే, కావలసినవాళ్లు బోలెడుమంది. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి 1962 నాటికి అక్కడ ఏడుగురితో ఒక కమిటీ వేశారు. అందులో ఒక మతగురువు, ఒక లాయరు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఇలా. వాళ్లు చూసిన విషయాల్లో చదువు, సంపాదన, పిల్లలెంతమంది అన్నవాటితోపాటు ఆ మనిషి చర్చికి వెళ్తాడా లేదా అన్నది కూడా ఉంది! ఈ సంగతి బయటికి పొక్కాక పెద్ద గొడవే అయింది. చివరికి 1972లో అమెరికా ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు తానే భరించేలా చట్టం తెచ్చాక ఆ ఎంపిక అవసరం పోయింది.

ఆ కమిటీ రద్దయి ఎన్ని దశాబ్దాలైనా, మన ఇళ్లలో అలాంటి కమిటీలు ఇంకా నడుస్తున్నాయి. మంచం చుట్టూ చేరి, ఈ మనిషి భక్తి ఎంత, నమ్మకం ఎంత అని మార్కులు వేస్తూనే ఉన్నాయి.

మార్కులు వేసి ఊరుకుంటే కొంత నయం. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి పెళ్లికావలసిన ఒక కుర్రాడు వచ్చేవాడు. సరదా మనిషి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కాళ్లు ఊపుతూ ఉండేవాడు. ఉన్నట్టుండి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తింది. ఎక్కడికో ప్రార్థనకి తీసుకెళ్లారట. మెషీన్ మీద ఆధారపడినంతకాలం నీకు పూర్తి విశ్వాసం లేనట్టే అని అక్కడ ఎవరో పెద్దమనిషి చెప్పాడట. ఏ మతం అని అడక్కండి. అన్నిట్లోనూ అలాంటివాళ్లున్నారు. "ఒక్కసారి తీసుకురండమ్మా, ఆ ప్రార్థన ఇక్కడే చేసుకోండి, నేనూ కూర్చుంటాను" అని బతిమాలాను. రేపు తెస్తానంది. డయాలసిస్ ఆపితే పొటాషియం పెరుగుతుంది. అది పెరిగితే నొప్పి ఉండదు, చాలాసార్లు ముందస్తు సూచన కూడా ఉండదు, గుండె ఆగిపోతుంది. మూత్రం రానివాళ్లకి వారం పది రోజులు గడవడం కూడా కష్టమే. అతన్ని తర్వాత నేను చూడలేదు. వాళ్లమ్మ ఒకసారి వచ్చి అతని ఫైలు అడిగి తీసుకెళ్లింది. ఆవిడని ఎవరేమనగలరు? ఆ మాట చెప్పిన పెద్దమనిషి మాత్రం ఇప్పటికీ ఎక్కడో అదే చెబుతుంటాడు.

అందుకని మీకు నా విన్నపం. ప్రార్థనతో గట్టెక్కినవాళ్ల గురించి వెయ్యండి, ఆపమని అనడం లేదు. మా పేషెంట్లు ఇష్టంగా చదువుతారు, ఆ నాలుగు గంటలూ వాళ్లకి పత్రికే కాలక్షేపం. కానీ వేసేటప్పుడు మీ విలేకరి ఆ మనిషిని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగి రాయాలి. మందులు ఆపారా, కొనసాగించారా? ఆస్పత్రికి తోడు ఎవరు వెళ్లారు? సెలవులెవరు పెట్టారు? బాగా నిస్పృహ వచ్చిన రోజున ఏం చేశారు? వీటికి జవాబులు ఉంటే, చదివినవాడికి చేతిలో ఏదో ఒక పని ఉంటుంది. లేకపోతే వాడి దగ్గర మిగిలేది నాకే ఎందుకు నయం కాలేదన్న ప్రశ్న ఒక్కటే.

వ్యాసం కింద ఎక్కడో ఒక మూల, చికిత్స మానవద్దని ఒక్క లైను కూడా వెయ్యండి. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేసినట్టు ఉంటుందని మీ సబ్ఎడిటర్లు నవ్వుతారేమో, నవ్వనీయండి.

పాఠకుల్లో ఎవరింట్లోనైనా డయాలసిస్ పేషెంటు ఉంటే వారికీ ఒక మాట. పరామర్శకి వెళ్లినప్పుడు ఎంత ప్రార్థిస్తున్నారని అడగకండి. ఈసారి ఏ రోజు, ఏ షిఫ్టు అని అడగండి. వీలైతే ఒకరోజు మీరు తీసుకెళ్లి, అయ్యాక తీసుకురండి. మెషీన్ దిగాక చాలామందికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, లేచి నిలబడేటప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. అక్కడ కూర్చున్న నాలుగు గంటల్లో మీరూ ప్రార్థన చేసుకోవచ్చు, ఎవరూ వద్దనరు. వాళ్ల ముందు మంచినీళ్లు మాత్రం గటగటా తాగకండి.

ఇందులో చెప్పిన పేషెంట్లని ఎవరూ గుర్తుపట్టకూడదు కాబట్టి నా పేరు, మా యూనిట్ పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక డయాలసిస్ టెక్నీషియన్